ముందు రాసిందెవరో చెప్పండి

1992లో బ్రస్సెల్స్‌లోని బెల్జియం రాయల్ లైబ్రరీలో ఒక జర్మన్ విద్యార్థి పాత సంగీత రాతప్రతులు తిరగేస్తున్నాడు. పేరు పీటర్ వొల్నీ. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ, ఆ పని మీదే యూరప్ గ్రంథాలయాలు చూస్తున్న రోజులు. ఆ కట్టల్లో ఆర్గన్ కోసం, అంటే చర్చిల్లో గాలిగొట్టాలతో మోగే పెద్ద వాయిద్యం కోసం, రాసిన రెండు చకోనాలు కంటబడ్డాయి. చకోనా అంటే మంద్రంలో ఒక చిన్న స్వరవరుస మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే దాని మీద కల్పన సాగించే రచన. కూర్చినవాడి పేరు లేదు. తేదీ లేదు. రాసినవాడి సంతకమూ లేదు.

2025 నవంబరు 17న లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ చర్చిలో, అదే వొల్నీ, ఇప్పుడు ఆ ఊళ్ళో బాఖ్ రచనల మీద పరిశోధన చేసే బాఖ్ ఆర్కైవ్‌కు డైరెక్టరు, ఆ రెండూ జర్మన్ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ రచనలేనని ప్రకటించారు. బాఖ్ రచనల జాబితాలో వాటికి 1178, 1179 అని నంబర్లు పడ్డాయి. 81 ఏళ్ళ డచ్ విద్వాంసుడు టాన్ కోప్‌మన్ ఆర్గన్ ముందు కూచుని వాయించారు. సుమారు 320 ఏళ్ళ తర్వాత ఆ సంగీతం మళ్ళీ గాలిలోకి వచ్చింది. నేను మా ఇంట్లో, వంటింటి గట్టు మీద ఫోను ఆనించి పెట్టుకుని విన్నాను. పాలు పొంగిపోయాయి కూడా.

ఆ రాత్రే మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. పాటంటే వాడికీ ఇష్టమే. అంతా విని, "అక్కా, ముప్ఫై మూడేళ్ళు జీతమిచ్చి కూచోబెడితే రెండు పాటలు తేల్చాడా?" అన్నాడు. వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఏదో అన్నాను, ఫోన్ పెట్టేశాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. వొల్నీ 33 ఏళ్ళూ ఈ రెండు రచనల మీదే కూచోలేదు. 1993లో బాఖ్ ఆర్కైవ్‌లో చేరారు, 2014లో దానికి డైరెక్టరయ్యారు. ఆయన పీహెచ్‌డీ బాఖ్ పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమన్ మీద. ఏటా వచ్చే బాఖ్ పరిశోధన సంచికకు 2005 నుంచి ఆయనే సంపాదకుడు. ఈ పనులన్నిటి కిందా, అడుగున, బ్రస్సెల్స్ ఫైలు ఒకటి తెరిచే ఉంది. మొదట ఆయన్ని పట్టుకున్నది సంగీతం కాదు, చేతిరాత. ఎవరిదో తెలియని ఒక చేతిరాత.

చేతిరాతకు అంత విలువ ఎందుకో తెలియాలంటే బాఖ్ కాగితాల కథ కొంచెం తెలియాలి. బాఖ్ 1685లో పుట్టి 1750లో పోయాడు. బతికుండగా అచ్చయింది చాలా తక్కువ. మిగిలిందంతా కాగితాల మీద చేతిరాతే. చనిపోయాక కొడుకులూ భార్యా పంచుకున్నారు. కొన్ని భద్రంగా ఉన్నాయి, కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. కుర్రతనంలో కూర్చిన ఆర్గన్ రచనలయితే ఆయన స్వహస్తంతో మిగిలినవి బహు అరుదు. మనకు దొరుకుతున్నవి ఎక్కువగా శిష్యులూ బంధువులూ రాసుకున్న నకళ్ళు. అప్పట్లో సంగీతం చదువంటే నకలు రాసుకోవడమే. గురువు దగ్గర కాగితం ఉంటుంది, శిష్యుడు దాన్ని చూసి రాసుకుంటాడు, రాస్తూ రాస్తూ ఎక్కించుకుంటాడు. కాబట్టి కుర్రబాఖ్ ఏం కూర్చాడో తెలియాలంటే, ఆయన చుట్టూ చేరి రాసుకున్న కుర్రాళ్ళెవరో ముందు తెలియాలి.

బాఖ్ కూడా అలాగే నేర్చుకున్నాడు. ఆ సంగతి కళ్ళకు కట్టేలా బయటపెట్టింది కూడా వొల్నీయే, మిషాయెల్ మౌల్ అనే తోటి పరిశోధకుడితో కలిసి. 2006లో వైమార్‌లోని అన్నా అమాలియా గ్రంథాలయంలో, మతగ్రంథాల రాతప్రతుల మధ్య, కొన్ని ఆర్గన్ కాగితాలు దొరికాయి. గీతల మీద చుక్కలు పెట్టే పద్ధతి కాదు, స్వరాలను అక్షరాలతో రాసే పాత జర్మన్ పద్ధతి. మనం స రి గ మ రాసుకున్నట్టే. అప్పటి పేరున్న ఆర్గన్ విద్వాంసులు బుక్స్‌టెహూడె రచన ఒకటి, రైన్‌కెన్ రచన ఒకటి. రైన్‌కెన్ రచన చివర లాటిన్‌లో, 1700లో ల్యూనెబుర్గ్‌లో గేయోర్గ్ బ్యోమ్ అనే ఆర్గనిస్టు దగ్గర చూసి రాసుకున్నది అని ఉంది. ఆ రాసినవాడు బాఖ్. వయసు పదిహేను. ఇప్పటివరకు తెలిసిన బాఖ్ స్వహస్తాల్లో అవే అన్నిటికన్నా పాతవి. 2004 సెప్టెంబరు 2న ఆ గ్రంథాలయం తగలబడి 50,000 పుస్తకాలు పోయాయి. సంగీతం పుస్తకాల్లోనూ చాలా భాగం కాలిపోయింది. ఈ కాగితాలు సంగీతం బీరువాలో లేవు గనక మనకు మిగిలాయి. ఆ పదిహేనేళ్ళ పిల్లవాడి రాత ఫొటోలో చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది. వరుసలు చక్కగా, తొందర లేకుండా, అంతా నాకు రావాలి అన్న పట్టుదలతో ఉన్నాయి.

ఇక చేతిరాత పోల్చడం. ఇది సినిమాలో భూతద్దం పట్టుకున్నంత సులువు కాదు. సంగీతం రాసేటప్పుడు మనిషి ఆలోచించకుండా వేసే గీతలే అసలు సాక్ష్యాలు. వరుస మొదట్లో వేసే క్లెఫ్ గుర్తు ఎక్కణ్ణుంచి మొదలై ఎటు తిరిగింది, ఆగమని చెప్పే విరామ చిహ్నం కొక్కెంలా ఉందా అంకెలా ఉందా, చుక్కకు కాడ కుడివైపు దిగిందా నడిమి నుంచి దిగిందా, వరుస అయిపోయాక తరువాత రాబోయే స్వరాన్ని ముందే సూచించే చిన్న కొస ఎలా విసిరాడు. పేరు అందంగా రాయాలని అందరం జాగ్రత్త పడతాం, విరామ చిహ్నాన్ని ఎవరూ పట్టించుకోరు. మన రాతల్లో తలకట్టు లాగా. ‘ళ’ను ఎలా తిప్పుతామో, ‘క్ష’ కింద ఎంత లాగుతామో మనకే తెలియదు, మన ఉత్తరాలు చూసిన మేనత్తకు తెలుస్తుంది.

దానికి తోడు కాగితం. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పాత కాగితంలో మిల్లువాళ్ళ ముద్ర కనిపిస్తుంది. ఒకే అచ్చు మీద తీసిన కాగితాలు ఒకే కాలంలో వాడకంలో ఉంటాయి. అయిదు గీతలూ ఒక్కసారే గీసే అయిదు మొనల కలం ఉండేది, దాని మొనల మధ్య ఎడం ఒక్కో కలానికి ఒక్కో రకం. సిరా కూడా చెప్పే మాట చెబుతుంది. ఇనుము కలిసిన ఆ సిరా ఏళ్ళు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది, బాఖ్ ప్రతుల్లో కొన్నిచోట్ల చుక్క ఉండాల్సిన చోట చిల్లు ఉంటుంది. ఇన్నీ కలిస్తేనే, ‘ఇది ఫలానా కాలంలో ఫలానా ప్రాంతంలో రాసినది’ అనే ఒక్క మాట వస్తుంది.

బ్రస్సెల్స్ కాగితాలు 1705 ప్రాంతానివి. అప్పుడు బాఖ్ ఆర్న్‌స్టాట్ అనే చిన్న ఊళ్ళో కొత్త చర్చి ఆర్గనిస్టు. 1703లో, పద్ధెనిమిదేళ్ళకు, ఆ ఉద్యోగంలో చేరాడు, 1707లో వదిలేశాడు. ఆ 1705లోనే నాలుగు వారాల సెలవు పెట్టి, బుక్స్‌టెహూడె వాయిద్యం వినడానికి దాదాపు 400 కిలోమీటర్లు నడిచి ల్యూబెక్ వెళ్ళాడు. నాలుగు నెలలు ఉండిపోయాడు. తిరిగొచ్చాక చర్చి పెద్దలు నిలదీశారు. నీ వాయింపులో వింత స్వరాలు కలిపి భక్తుల్ని తికమక పెడుతున్నావని కూడా అన్నారు. ఇరవయ్యేళ్ళవాడు. ఆ వయసు రచనలు రెండు కొత్తగా దొరకడమంటే మాటలు కాదు.

కానీ ఆర్న్‌స్టాట్ చుట్టుపక్కల ఆర్గన్ వాయించినవాళ్ళు, కూర్చినవాళ్ళు ఎందరో. ఆ చేతిరాత ఎవరిదో తేలందే ఒక్క అడుగూ పడదు. ముడి విప్పింది ఒక ఉద్యోగ దరఖాస్తు. బాఖ్ ఆర్కైవ్ పరిశోధకుడు బెర్ండ్ కోస్కాకు, ష్లైట్స్ అనే ఊళ్ళో ఆర్గనిస్టు ఉద్యోగం కోసం 1727లో ఒకాయన పెట్టుకున్న అర్జీ దొరికింది. సాలమన్ గ్యుంటర్ యోన్ అని పేరు. ఆర్న్‌స్టాట్‌లో బాఖ్ దగ్గర నేర్చుకున్నానని అందులో చెప్పుకున్నాడు. ఆ అర్జీలోని రాతా బ్రస్సెల్స్ రాతా పక్కపక్కన పెట్టగానే అయిపోలేదు. ఇరవయ్యేళ్ళలో మనిషి రాత మారుతుంది. కుర్రాడి రాత వేరు, ఉద్యోగం కోసం పెద్దవాళ్ళకు రాసే నడివయసు మనిషి రాత వేరు. మిగతా ఆధారాలతో ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ వచ్చారు.

సరే, రాసింది బాఖ్ శిష్యుడు. అయితే మాత్రం కూర్చింది బాఖ్ అవ్వాలా?

మా తమ్ముడికి చెప్పలేకపోయిన మాట సరిగ్గా ఇదే. వినేవాళ్ళం మనం నేరుగా "ఎవరిది?" అని అడుగుతాం. పరిశోధకుడి దగ్గర ఆ ప్రశ్న ఆఖరున రావాలి. ముందు, ఈ కాగితం మీద రాసిందెవరు, ఎప్పుడు, దేన్ని చూసి, ఎవరి కోసం. ఇవి తేలకముందే "ఎవరిది" అని అడిగితే వచ్చే జవాబు మన కోరిక చెప్పే జవాబే.

బాఖ్ చరిత్రలోనే దీనికి ఉదాహరణలు బోలెడు. ప్రపంచంలో పియానో నేర్చుకునే ప్రతి పిల్లా వాయించే జి మేజర్ మెనుయెట్ అనే చిన్న నాట్యగతి ఒకటుంది. హైదరాబాదులో కీబోర్డు క్లాసులకు వెళ్ళే పిల్లలు కూడా వాయిస్తారు. బాఖ్ భార్య అన్నా మాగ్డలేనా నోటుబుక్కులో ఉంది కాబట్టి బాఖ్‌దే అనుకున్నారు. అది క్రిస్టియన్ పెట్సోల్ట్ అనే డ్రెస్డెన్ ఆర్గనిస్టుది. ఇంకా గట్టి ఉదాహరణ లూకా సువార్త పాషన్, క్రీస్తు శ్రమల కథను పాడే రచన. దాని ప్రతిలో కొంత భాగం బాఖ్ సొంత చేతిరాతే, అందులో అనుమానం లేదు. అయినా అది ఆయన కూర్చింది కాదు. వేరెవరిదో సంగీతాన్ని చర్చిలో పాడించడానికి రాసుకున్నాడు. చేతిరాత బాఖ్‌దే అయినా సంగీతం బాఖ్‌ది కాకపోవచ్చు. అలాంటప్పుడు శిష్యుడి చేతిరాత ఒక్కటే చూసి సంగీతం గురువుదని ఎలా అంటాం? అందుకే యోన్ పేరు తేలాక కూడా వొల్నీ ఆ రచనల లోపలి అల్లిక చూశారు. ఆ కాలంలో బాఖ్ దగ్గర తప్ప మరొకరి దగ్గర కనిపించని పోకడలు వాటిలో ఉన్నాయని చూపించారు. చూపించి కూడా, 99.99 శాతం నమ్మకం ఉందని అన్నారు. ఆ మిగిల్చిన పిసరు చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

నేను ఆ పిసరు మిగుల్చుకోలేదు. ఆ సంగతి చెప్పాలి.

మా అమ్మమ్మ పాటల పుస్తకం నా దగ్గరుంది. ఊదారంగు పెన్సిలుతో, నాలిక మీద తడి చేసుకుని రాసే పెన్సిలుతో, రాసిన పుస్తకం. అందులో ఒక పాట చివర ‘త్యాగరాజనుత’ అని, పాట కట్టినవారి పేరు తెలిపే ముద్ర ఉంది. ఏ అచ్చు పుస్తకంలోనూ ఆ పాట కనపడలేదు. పేజీ మూల ‘క 14’ అని ఉంది. కృతి 14 అనుకున్నాను. పాట కింద ‘శ్రీ.ర.గో.’ అని మూడక్షరాలున్నాయి. ఏదో ఇష్టదైవం పేరు అనుకున్నాను. చరణంలో భావం వింటే స్వామివారిదే అనిపించింది. అనిపించడం కాదు, ఒళ్ళు పులకరించింది. ఇరవై ఎనిమిదేళ్ళ వయసు నాకు. ఒక పత్రికకు ‘వెలుగు చూడని త్యాగరాజ కృతి’ అని వ్యాసం రాశాను, వాళ్ళు వేశారు. రెండు కచేరీల్లో ఆ పాట వయొలిన్ మీద వాయించాను. మా వాళ్ళంతా మురిసిపోయారు.

నెలన్నరకు ఒక పెద్దాయన దగ్గర నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. "అమ్మా, ఆ పాట నేను చిన్నప్పుడు విన్నాను. మా ఊరికి వచ్చే దాసుగారు త్యాగరాజు కథ చెప్పేవారు. అన్నగారు విగ్రహాలు కావేరిలో పడేసినప్పుడు త్యాగయ్య ఏడుస్తూ పాడే పాట అది. దాసుగారే కట్టారు" అని రాశారు. అప్పుడు పుస్తకం మళ్ళీ తెరిచాను. ‘క 14’ అంటే కథలో పద్నాలుగో పాట. ‘శ్రీ.ర.గో.’ అంటే శ్రీమద్రమారమణ గోవిందో హారి. దాసుగారు అంటే జనం "హారి" అనే చోటు. మా ఇంట్లో పిల్లలకు కూడా తెలిసిన మాట అది. నా కళ్ళ ముందే ఉంది, నేనే చూడలేదు. త్యాగరాజు పాత్ర పాడుతుంది గనక ముద్ర సహజంగా వచ్చింది. దాసుగారు మోసం చెయ్యలేదు. పుస్తకం రాసినవాళ్ళూ చెయ్యలేదు, ఇది కథలోదని గుర్తు కూడా పెట్టారు. ఇది త్యాగరాజుది కావాలని నాకు ఉండింది, అంతే.

ఆ తర్వాత కచేరీల్లో ఆ పాట దాసుగారి పాటగానే వాయించాను. కానీ పత్రికలో వచ్చిన వ్యాసం వెనక్కి రాదు. ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ పాటను స్వామివారి పేరుతో వాట్సాప్‌లో పంపిస్తుంటారు. ఒకసారి అంటుకున్న పేరును ఒలిచెయ్యడం, పేరు లేనిదానికి పేరు వెతకడం కంటే ఎన్నో రెట్లు కష్టం. అందుకే వొల్నీ 33 ఏళ్ళు నన్ను విసిగించవు. ఆ ఏళ్ళలో ఏ ఒక్క రోజైనా ఆయన ‘ఇది బాఖ్‌ది’ అని ఉంటే జనం ఎగబడి వినేవారు. తప్పయితే దిద్దడానికి మరో ముప్ఫై ఏళ్ళు చాలవు.

అయినా ఇలాంటి పని ఫలితం రెండు పాటలే అనుకోవడం కూడా తప్పు. ఆల్ఫ్రెడ్ డ్యూర్ సంగతి చూడండి. 1918లో పుట్టిన మనిషి, 1951 నుంచి మూడు దశాబ్దాలకు పైగా గ్యోటింగెన్‌లోని బాఖ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. ఆయన కొత్త రచనలేవీ కనిపెట్టి పేరు తెచ్చుకోలేదు. ఉన్నవాటికి తేదీలు కట్టారు. లైప్‌జిగ్‌లో బాఖ్ ప్రతి ఆదివారం చర్చికి ఒక కాంటాటా, అంటే గాయకులూ వాయిద్యాలూ కలిసి వినిపించే రచన, ఇవ్వాలి. ఆయన మూలప్రతి రాస్తే, ఒక్కో గాయకుడికీ ఒక్కో వాయిద్యానికీ విడివిడిగా కాగితాలు ఎత్తి రాసేవాళ్ళు థామస్ స్కూలు పిల్లలు. వాళ్ళ పేర్లు కాగితాల మీద లేవు. డ్యూర్ ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా విడదీశారు. పేరు తెలియనివాళ్ళకు నంబర్లూ అక్షరాలూ పెట్టారు. ఫలానా పిల్లవాడి రాత ఫలానా ముద్ర కాగితం మీద కనిపిస్తుంది, ఆ కాగితం ఫలానా ఆదివారాల్లో వాడారు, ఆ పక్క ఆదివారం నుంచి వేరే కాగితం. అలా 1957లో వచ్చిన ఆయన వ్యాసం, 1958లో వచ్చిన గేయోర్గ్ ఫాన్ డాడెల్సెన్ పుస్తకం కలిసి అప్పటిదాకా ఉన్న కాలక్రమాన్ని కూలదోశాయి.

అప్పటిదాకా ఉన్నది ఫిలిప్ ష్పిట్టా కట్టిన క్రమం. పందొమ్మిదో శతాబ్దపు మహాపండితుడు, ఆయనా కాగితం ముద్రలు చూసినవాడే. కోరేల్ కాంటాటాలు, అంటే చర్చి కీర్తనల మీద కట్టినవి, చాలా వరకు 1735 తర్వాతివని, అంటే పండిన వయసువని తేల్చారు. డ్యూర్ లెక్కలో అవి 1724 జూన్ నుంచి 1725 మార్చి లోపలివి. వారానికొకటి చొప్పున, ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి, ఊపిరి తీసుకోకుండా రాసినవి. జీవితాంతం నిదానంగా చర్చికి పాటలు కూర్చుకుంటూ పోయిన భక్తుడనే చిత్రం చెరిగిపోయింది. మొదటి కొన్నేళ్ళు కాలిపోయేంత వేగంతో రాసి, తర్వాత వేరే దారి పట్టిన మనిషి కనిపించాడు. కొందరికి ఇది మింగుడుపడలేదు. నాకైతే ఆ రెండో బాఖే ఎక్కువ దగ్గరగా అనిపిస్తాడు. ఇంత పెద్ద మార్పు తెచ్చింది ఎవరు? స్కూలు పిల్లల విరామ చిహ్నాలు. ఆ రాయసగాళ్ళలో ప్రధానుడికి తర్వాత పేరు కూడా దొరికింది. యోహాన్ ఆండ్రెయాస్ కూనౌ. రెండు వందల ఏళ్ళు పేరు లేకుండా ఉండి మళ్ళీ మనిషయ్యాడు.

మా తమ్ముడి రెండో మాట: "ఇప్పుడైతే కంప్యూటరుకిస్తే రాత పోల్చి నిమిషంలో చెప్పేస్తుంది కదా." చెప్పవచ్చు, పోల్చడానికి రెండు రాతలూ దాని ముందుంటే. బ్రస్సెల్స్ కాగితాల విషయంలో లోటు పోల్చే తెలివిలో లేదు. లేనిది రెండో కాగితం. అది సంగీతం ఉండే చోట లేదు. ఉద్యోగాల భర్తీ కాగితాల్లో, ‘అర్జీలు’ అన్న కట్టలో ఉంది. బాఖ్ ఆర్కైవ్ వాళ్ళు 2002 నుంచి మధ్య జర్మనీలో ఊరూరి చర్చిల్లో, పురపాలక దస్తావేజుల్లో వరసబెట్టి వెతుకుతున్నారు. పన్ను లెక్కలు, బాప్తిస్మం పుస్తకాలు, జీతాల చిట్టాలు. ఎవరో ఒకరు వెళ్ళి, తాళం తీయించుకుని, దుమ్ము దులిపి, ఆ కట్ట విప్పాలి. విప్పినప్పుడు ఈ రాత ఎక్కడో చూశానే అనిపించాలంటే ఆ పాత రాత మనసులో ఏళ్ళ తరబడి ఉండాలి, లేదా దాన్ని మోస్తున్న మనిషి పక్క గదిలో ఉండాలి. ఇక్కడ ఆ మనిషి పక్క గదిలోనే ఉన్నాడు.

ఒక్క విషయంలో మాత్రం తమ్ముడి వైపు న్యాయం ఉంది. ఆ ప్రతులు దాచినవేం కావు, గ్రంథాలయంలోనే ఉన్నాయి. అయినా ఇలాంటి పేరులేని రాతల ఫొటోలు మొదటి రోజు నుంచే అందరికీ అందుబాటులో ఉంటే, జవాబు తెలిసినవాడు ఏ మూలనో ముందే కనిపించవచ్చు. ఎవరిదో చెప్పడానికి తొందరపడకూడదు, ఏముందో చూపించడానికి మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. ఈ రెండో పని ఇప్పుడు యూరప్‌లో బాగానే సాగుతోంది. ప్రపంచమంతటి సంగీత రాతప్రతుల వివరాలు చేర్చే రిస్మ్ సంస్థ 1952లో మొదలై, ఈ రోజు పది లక్షలకు పైగా పద్దులు ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది.

జీతం సంగతికి వస్తాను. నిజం చెప్పాలంటే వొల్నీ కథలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఆ జీతమే. 1950లో, యుద్ధంలో కూలిన దేశం ఇంకా కోలుకోకముందే, లైప్‌జిగ్‌లో బాఖ్ ఆర్కైవ్ పెట్టారు. 1954 నుంచి 2007 దాకా బాఖ్ రచనలన్నిటినీ మూలప్రతులతో సరిచూసి వంద సంపుటాలకు పైగా అచ్చువేశారు. మధ్యలో తూర్పు, పశ్చిమ జర్మనీల నడుమ గోడ లేచింది. గ్యోటింగెన్ ఒక దేశంలో, లైప్‌జిగ్ ఇంకో దేశంలో. అయినా రెండు సంస్థలూ ఆ పని పంచుకుని చేస్తూనే పోయాయి. మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది ముగింపు చూడలేదు. తాము చూడబోమని తెలిసే మొదలుపెట్టారు. ఒక కుర్చీలో ఒక మనిషి ముప్ఫై ఏళ్ళు కూచోగలగాలంటే వెనక అలాంటి ఏర్పాటు ఉండాలి. వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాడు, ఉన్న ఏడే ఏదో ఒకటి తేల్చి చూపించాలి. తేలనిదాన్ని తేలలేదని చెప్పే ధైర్యం వాడికి ఎక్కడిది?

నేనొకసారి పాటల రాతప్రతుల జాబితా తయారుచేసే పనిలో చేరాను. పదకొండు నెలల కాంట్రాక్టు. ప్రతి కట్టకూ ఒక ఫారం, అందులో ‘కర్త’ అనే గడి ఖాళీగా ఉండకూడదు. ‘రాసినవారు’ అనే గడి అసలు లేదు. ఒకరోజు ఆరు కట్టలకు కర్త తెలియదని రాసి ఇస్తే తిరిగొచ్చాయి, పూర్తిచెయ్యమని. పక్కబల్ల ఆవిడ నా మీద జాలిపడి, ముద్ర చూసి నింపెయ్యమంది. నేను నింపలేదు. పన్నెండో నెల మా కాంట్రాక్టులు పొడిగించలేదు, అందరివీ. ఆ ఆరు కట్టలకు తర్వాత ఎవరు ఏం పేరు రాశారో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

మనకు లేని సంపద కాదిది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే ఉంది. త్యాగరాజస్వామి శిష్యులు రాసుకున్న ప్రతులూ చాలా వరకు తెలుగులోనే ఉన్నాయి. 1847లో స్వామి సిద్ధి పొందేనాటికి ఆయన చుట్టూ కూచుని రాసుకున్న చేతులెన్నో, ఏ పాట ఏ చేతిలో ఎలా నిలిచిందో చదవగలిగింది తెలుగు అక్షరం తెలిసినవాళ్ళే. యోన్‌లాంటి శిష్యులు మనకూ ఉన్నారు. ఆ చేతిరాతల ఫైలు తెరిచి, తేలేదాకా మూయకుండా ఉంచే మనిషికి నెలనెలా జీతం ఇవ్వాలి. నేను అడిగేది ఇంతే, మొహమాటం లేకుండా అడుగుతున్నాను.

అమ్మమ్మ పుస్తకం పని ఇంకా మిగిలే ఉంది. ఇన్నేళ్ళూ అది అమ్మమ్మ రాతే అనుకున్నాను. బ్రస్సెల్స్ సంగతి విన్న మర్నాడు మళ్ళీ తీసి చూశాను. మొదటి ముప్ఫై పేజీల్లో ‘ళ’ కింది నుంచి పైకి తిరిగింది. హరికథ పాటలున్న పేజీల్లో పైనుంచి కిందికి దిగింది. రెండు చేతులు. రెండోది వాళ్ళ అన్నయ్యది కావచ్చు, ఆయన దాసుగారి వెంట హార్మోనియం వాయించేవాడని ఇంట్లో అనుకునేవారు. ఆయన రాత మా ఎవరి దగ్గరా లేదు. తణుకులో పిన్నికి ఫోన్ చేశాను. అటక మీద ట్రంకుపెట్టెలో ఆయన చేత్తో రాసిన ధాన్యం లెక్కలు ఉండాలంది, చెదలు పట్టకపోతే. "పండక్కి రా, నిచ్చెన వేయిస్తాను" అంది. టికెట్టు తీసుకున్నాను.